నిక్కచ్చి గారి సీసాలు

ప్రపంచంలో నిజంగా శుభ్రమైనవి రెండే ఉన్నాయని నిక్కచ్చి గారి నమ్మకం. ఒకటి, ఆయన స్వహస్తాలతో కడిగిన గాజు సీసా. రెండవది, ఆ సీసాను గురించి ఆయనకు ఉన్న అభిప్రాయం. తక్కినదంతా, కిటికీకి ఆవల మెరుస్తున్న అఖాతంతో సహా, ఏదో ఒక మేరకు మురికిదే.

రేవు ఒడ్డున నిలిచిన సముద్ర పరిశోధన సంస్థలో కింది అంతస్తు రసాయన విభాగానిది. ఆ విభాగానికి ఆయన అధిపతి. నిక్కచ్చి అన్నది తోటివారు చాటున తగిలించిన పేరు. అది తన చెవిన పడిన నాడు ఆయన కోపగించుకోలేదు. ఆలస్యంగానైనా తన యోగ్యతను లోకం గుర్తించిందని సంతోషించి, ఆ పేరును బిరుదుగా స్వీకరించారు.

అఖాతపు పైపొర నీటిలో నైట్రేటు ఎంత ఉన్నది, ఫాస్ఫేటు ఎంత ఉన్నది అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ రెండూ కంటికి కనిపించనంత సన్నని నాచుకు తిండి. ఆ నాచు ఆల్చిప్పలకు తిండి. ఆల్చిప్పలు ఊరికి తిండి. కనుక ఊరందరి భోజనమూ తన గాజు గొట్టం గుండానే పోతున్నదని ఆయన ఉద్దేశం. నీటిలో మందు కలిపితే, ఫాస్ఫేటు ఉన్న మేరకు నీలం తేలుతుంది. ఆ నీలాన్ని యంత్రం చదువుతుంది. యంత్రాన్ని నిక్కచ్చి గారు చదువుతారు. నిక్కచ్చి గారిని చదవగలవారు ఇంకా పుట్టలేదు.

పై అంతస్తు జీవశాస్త్ర విభాగానిది. దానిని ఆయన బురద బడి అనేవారు. అక్కడివారు నాచును జాడీలలో పెంచుతారు, జాడీలకు ముద్దు పేర్లు పెడతారు, బల్లల మీద టీ కప్పులు ఉంచుతారు. ఇన్ని ఘోరాలు చేస్తూ తమది కూడా శాస్త్రమే అంటారు. ఆ విభాగానికి అధిపతి ఒక స్త్రీ. ఆమె కుమారుణ్ణి నిక్కచ్చి గారి కుమార్తె ప్రేమించి పెళ్లాడింది. పిల్లలు తమంతట తాము చేసుకున్న నిర్ణయం అది. పెద్దలకు మిగిలినది, రోజూ మెట్ల మీద ఎదురుపడి అన్నయ్యగారూ, చెల్లెమ్మగారూ అని పిలుచుకోవలసిన శిక్ష.

ఆ వేసవిలో నిక్కచ్చి గారు ఒక మహత్తర విషయాన్ని కనుగొన్నారు.

మామూలుగా వేసవిలో అఖాతపు పైపొరలో ఫాస్ఫేటు దాదాపు ఉండదు. ఎండకు వేడెక్కిన నీరు తేలికపడి, కిందనున్న చల్లని నీటి మీద మూతలాగా కూర్చుంటుంది. పైన ఉన్న తిండిని నాచు తినేస్తుంది. తిన్న నాచు చచ్చి అడుగుకు చేరుతుంది. అడుగున అది కుళ్లి విడుదల చేసిన సారం, మూత తెరుచుకొని పైకి రావడానికి చలిగాలుల కోసం ఎదురు చూస్తుంది. వసంతంలో పచ్చగా ఉన్న అఖాతం వేసవికి వెలవెలపోయేది అందువల్లనే. ఈ క్రమాన్ని నిక్కచ్చి గారే ఏళ్ల తరబడి కొలిచి స్థిరపరిచారు. కాని ఈ ఏడు, నడివేసవిలో, పైపొర నీటిలో నీలం నిండుగా తేలింది! ప్రతి సీసాలోనూ తేలింది. ఇంకొకరైతే తమ పనిలో ఏదో మారిందని అనుమానించేవారు. ఆ నీళ్లు కొలిచినది నిక్కచ్చి గారు కనుక, మారినది సముద్రమని తేలిపోయింది. అఖాతం తన అడుగు బురదలో నుంచి తిండిని తానే తోడి పైకి తెచ్చుకుంటున్నదని ఆయన సిద్ధాంతం చేశారు.

ఆ ఏడు వాస్తవానికి మారినది మరొకటి ఉన్నది. స్టోర్సు వారు ఇచ్చే సబ్బు నాసిరకమని వారితో చాలాకాలం కలహించి, నిక్కచ్చి గారు ప్రత్యేకంగా ఒక తెల్లని పొడిని తెప్పించుకున్నారు. సీసాలు కడిగే మనిషిని, పని శుభ్రంగా లేదని, తోటపనికి పంపించివేశారు. అప్పటినుంచి సముద్రపు నీరు పట్టే సీసాలను తామే ఆ పొడితో తోమి, వెలుతురుకు ఎత్తి చూసుకొని, మురిసిపోయేవారు. గాజు ఉన్నదో లేదో తెలియనంతగా మెరిసేది.

* * *

ఒకనాటి ఉదయం డైరెక్టరు దిగివచ్చాడు. ఇతడు ఒకప్పుడు నిక్కచ్చి గారి కిందనే సహాయకుడుగా చేరి, బ్యూరెట్టును తలకిందులుగా బిగించి, ఆమ్లాన్ని తన బూట్లలోనే పోసుకున్న ప్రతిభావంతుడు. గాజుతో పనికిరాడని తేలిన తరువాత పరిపాలనలోకి వెళ్లాడు. అక్కడ పగిలేవి మనుషులే కనుక ఎవరికీ తెలియలేదు.

"గురువుగారూ, అదిరిపోయింది!" అన్నాడు వస్తూనే. "మీ సిద్ధాంతం రేవు మండలి వాళ్లకి పిచ్చిపిచ్చిగా నచ్చేసింది. రిపోర్టుకి పేరు కూడా పెట్టాను. 'అక్షయ అఖాతం'. ఎలా ఉంది?"

"రెండు అకారాలు కలిసినంత మాత్రాన అది పేరు కాదు," అన్నారు నిక్కచ్చి గారు.

"మీరెప్పుడూ అంతే. సరే వినండి. నీళ్లలో తిండి అంత ఉందంటే, ఆల్చిప్పల్ని తాళ్లకి వేలాడేసి పెంచే తెప్పలు మూడింతలు చెయ్యొచ్చు కదా? ఆల్చిప్పల సంఘం వాళ్లు ఎగిరి గంతేస్తున్నారు. రేపు సాయంత్రమే మండలి మీటింగు. రిపోర్టు కింద మీ సంతకం ఒక్కటే తరువాయి. సిద్ధాంతానికి మీ పేరే పెడతాం."

సిద్ధాంతానికి తన పేరు! నిక్కచ్చి గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. పదవీ విరమణకు ఇంకా ఏడాది కూడా లేదు. ఇన్నేళ్లుగా ఈ మందబుద్ధుల మధ్య బతికినందుకు ఆలస్యంగా దక్కుతున్న న్యాయమని ఆయనకు తోచింది.

"రేపు పెడతాను," అన్నారు. "సంతకం ఆదరాబాదరాగా చేసేది కాదు."

డైరెక్టరు ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ ఈలలో కూడా శ్రుతి లేదు.

* * *

మధ్యాహ్నం వియ్యపురాలు వచ్చింది. రెండు చేతులతో మూడు జాడీలను గుండెకు హత్తుకొని, మోచేత్తో తలుపు తోసింది.

"అన్నయ్యగారూ, రావచ్చా? చేతులు కడుక్కునే వచ్చాను, భయపడకండి."

"రండి చెల్లెమ్మగారూ. ఆ జాడీలు మాత్రం బల్ల మీద పెట్టకండి. నేల మీద... నేల మీద కూడా వద్దు. పట్టుకునే ఉండండి."

"అలాగే. చేతులు పడిపోయేదాకా పట్టుకుంటా. ఈ మూడూ చూడండి. మూడింట్లోనూ అఖాతం నీళ్లే, పోయిన వారం తెచ్చినవి. మొదటిదాంట్లో ఏమీ వెయ్యలేదు. రెండోదాంట్లో నైట్రేటు వేశా. మూడోదాంట్లో ఫాస్ఫేటు. ఏది పచ్చబడింది?"

నిక్కచ్చి గారు దూరం నుంచే చూశారు. మొదటి రెండూ నీళ్లలాగే ఉన్నాయి. మూడవది పచ్చగా, చిక్కగా, అసభ్యంగా ఉన్నది.

"మూడవది."

"మరి మీ లెక్కలో నీళ్ల నిండా ఫాస్ఫేటే ఉంది కదా? కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెడితే ఇంత ఆబగా తింటాడా?"

"మీ నాచుకు మర్యాద తెలియకపోవచ్చు. పెంచినవారిని బట్టి ఉంటుంది."

"మర్యాదంటే మీ అమ్మాయి వచ్చాక నేర్చుకుంటున్నాం లెండి మా ఇంట్లో. అన్నం తినే పళ్లేన్ని దీపానికి ఎత్తి చూసి గానీ తినడం లేదు మావాడు."

"మా అమ్మాయిని ఇందులోకి లాగకండి."

"లాగను. ఒక్క మాట అడుగుతా, కోప్పడకండి. మీరు సముద్రం నీళ్లు పట్టే సీసా ఒకటి తియ్యండి. దాంట్లో మీ శుద్ధజలమే పొయ్యండి. పోసి, మందు కలిపి, నీలం వస్తుందేమో చూడండి. అంతే."

"శుద్ధజలానికి పరీక్ష నేను ప్రతి దఫా చేస్తాను. ఏనాడూ నీలం రాలేదు."

"ఏ గిన్నెలో చేస్తారు?"

నిక్కచ్చి గారు బీరువా వైపు చూశారు. ఆ పరీక్షకు ప్రత్యేకమైన ఫ్లాస్కు ఒకటి ఉన్నది. దానిని ఆయన తాళం వేసి ఉంచుతారు. ఆమ్లంతో తప్ప కడగరు. దానికి సబ్బు తగలడం ఆయన దృష్టిలో అపచారం.

"బీరువాలో ఉన్న ఫ్లాస్కులో."

"సముద్రం నీళ్లు కూడా ఆ ఫ్లాస్కులోనే తెస్తున్నారా?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకు. "చెల్లెమ్మగారూ! మీరు నా సీసాలను అనుమానిస్తున్నారు!"

"సీసాల్నే అనుమానిస్తున్నా అన్నయ్యగారూ, మిమ్మల్ని కాదు."

"ఆ రెంటికీ తేడా ఏమిటి?"

"అదేగా వచ్చిన చిక్కు," అని, మూడు జాడీలనూ సవరించుకొని ఆమె మేడ మీదికి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన తరువాత నిక్కచ్చి గారు ఆ పరీక్ష చేశారు. తెలుసుకోవాలని కాదు, ఆమె నోరు మూయించాలని. సీసాలో శుద్ధజలం పోసి, మందు కలిపి, ఆమె రేపు తనకు చెప్పవలసిన క్షమాపణను ఆమె తరఫున మనసులోనే రచించడం మొదలుపెట్టారు. ఆ క్షమాపణ రెండవ వాక్యంలో ఉండగానే నీళ్లు నీలంగా మారాయి.

ఆయన మందును అనుమానించారు. కొత్త మందు కలిపారు. శుద్ధజలాన్ని అనుమానించారు. మళ్లీ వడకట్టారు. యంత్రాన్ని, ఎండను, కరెంటును, చివరకు తన కళ్లజోడును కూడా అనుమానించారు. నీలం మాత్రం చెక్కుచెదరలేదు. ఇక అనుమానించడానికి గదిలో ఏమీ మిగలనప్పుడు, ఆయన తెల్లని పొడిని చిటికెడు తీసి నీళ్లలో వేశారు. సిరా ఒలికినట్లు అయింది.

గాజును అంతగా మెరిపించిన గుణం ఫాస్ఫేటుది. కడిగిన తరువాత అది గాజును పట్టుకొని కూర్చున్నది. వేసవి అంతా ఆయన ఎంతో శ్రద్ధగా, ఎంతో నిక్కచ్చిగా, తన సబ్బును తానే కొలుచుకుంటూ ఉన్నారు. దానికి సిద్ధాంతం కూడా చేశారు.

ఈ తప్పు ఇంకొకరెవరైనా చేసి ఉంటే ఆయన ఎంతగా ఆనందించి ఉండేవారో! ఇటువంటివారి మీద ప్రయోగించడానికి ఆయన దగ్గర మంచి మంచి మాటలు ఎన్నో పదునుపెట్టి సిద్ధంగా ఉన్నాయి. ప్రయోగించవలసిన మనిషి మాత్రం అప్పుడు చేతులు కడుక్కునే చోటి అద్దంలో నిలబడి ఉన్నాడు.

విషయం ఆయనకు స్పష్టంగానే బోధపడింది. నోరు విప్పితే, పై అంతస్తు నుంచి తోట వరకు ఈ భవనమంతా కడుపుబ్బ నవ్వుతుంది. విప్పకపోతే, రేపు తన సంతకం మీద మూడింతల తెప్పలు నీటిలోకి దిగుతాయి. లేని తిండి కోసం కొత్త ఆల్చిప్పలూ పాత ఆల్చిప్పలూ కలిసి నోళ్లు తెరుచుకొని మాడిపోతాయి. అయితే అప్పటికి తాను పదవీ విరమణ చేసి ఉంటారు. లోకం వాతావరణాన్ని తిట్టుకుంటుంది. ఆల్చిప్పలు సాక్ష్యం చెప్పవు.

* * *

"ఏమండీ, కప్పు అట్లా ఎత్తిపట్టుకుని చూస్తారేం? విషం కలిపాననా?"

సాయంత్రం ఇంట్లో టీ ఇచ్చి, భార్య ఎదురుగా కూర్చున్నది.

"సబ్బు పూర్తిగా పోయినదో లేదో చూస్తున్నాను."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నా చేతి కప్పుతోనే తాగుతున్నారు. చచ్చారా?"

నిక్కచ్చి గారు కప్పు దించారు. "ఒక మనిషి జీవితమంతా కష్టపడి ఒక పేరు సంపాదించుకున్నాడు. దానిని ఒక్క మాటతో పోగొట్టుకోవడం వివేకమా?"

"ఎవరా మనిషి?"

"ఉదాహరణకు అన్నాను."

"ఉదాహరణ గారు ఏం తప్పు చేశారు?"

"తప్పు చేశాడని ఎవరన్నారు?"

"చెయ్యకపోతే టీ చల్లారేదాకా కప్పు చూస్తూ కూర్చోరు. మన వియ్యపురాలు పట్టేసుకుందా? ఆవిడ ముందు తలొంచుకోవాలనేనా బాధ?"

"నేను ఎవరి ముందూ తల వంచను."

"మెడ పట్టేసినవాళ్లూ అంతే," అని ఆమె కప్పు తీసుకొని లేచింది. "చల్లారిపోయింది. మళ్లీ పెడతా. ఈసారి మీరే కడుక్కుని తెచ్చుకోండి, కప్పు."

ఆయన చాలాసేపు ఆలోచించి, పరువుకు భంగం రాని ఒక మార్గం కనిపెట్టారు. కారణం చెప్పకుండా సమావేశాన్ని వాయిదా వేయించడం. గొప్పవారు కారణాలు చెప్పరు కదా!

* * *

మర్నాడు సాయంత్రం, సమావేశానికి ముందు, డైరెక్టరు తన గదిలో టై సవరించుకుంటున్నాడు. అతని బల్ల మీద కాగితాలు తప్ప అన్నీ ఉన్నాయి.

"వాయిదానా? గురువుగారూ, బ్యానరు కట్టేశాం. సంఘం వాళ్లు కలప కూడా కొనేశారు. ఇప్పుడేమొచ్చింది?"

"అంకెలను మరొకసారి సరిచూడాలి."

"మీ అంకెల్నా? సూర్యుణ్ణి టార్చి వేసి చూస్తామా ఎక్కడైనా?"

ఉపమానం ఎంత చౌకబారుది అయినా, నిక్కచ్చి గారికి అది గుచ్చుకున్నది. "సీసాల నుండి కొంత ఫాస్ఫేటు నీటిలోకి చేరి ఉండవచ్చు," అన్నారు, గోడవైపు చూస్తూ.

డైరెక్టరు తలుపు మూశాడు. అతని ముఖంలో దిగులు గాని, ఆశ్చర్యం గాని లేవు. ఎంతో కాలంగా ఎదురు చూస్తున్న చుట్టం ఇంటికి వచ్చినప్పటి చనువు ఉన్నది.

"ఓస్, ఇంతేనా? పప్పులో కాలెయ్యనివాడెవడు గురువుగారూ? అయినా తప్పు అని ఎందుకంటారు? 'కొన్ని విలువలలో స్థానిక వ్యత్యాసం సంభవించి ఉండవచ్చును' అని అడుగున చిన్న అక్షరాల్లో వేసేద్దాం. ఎవడూ చదవడు. మీరు సంతకం పెట్టండి. మీ పేరు సంగతి నేను చూసుకుంటా."

"మీరు చూసుకుంటారా?"

"నేను కాకపోతే ఎవరు? మీ శిష్యుణ్ణి. ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం కదా."

నిక్కచ్చి గారికి ఒళ్లంతా జిగురు అంటుకున్నట్లు అనిపించింది. అయినా సభలోకి నడిచి, ముందు వరుసలో, డైరెక్టరు చూపిన కుర్చీలోనే కూర్చున్నారు.

సభామందిరంలో రేవు మండలి సభ్యులు ఒక వైపు, ఆల్చిప్పల సంఘం వారు ఒక వైపు ఉన్నారు. సంఘం పెద్ద తాళ్లు లాగి లాగి మొద్దుబారిన చేతులను మోకాళ్ల మీద పెట్టుకొని, బడిపిల్లవాడిలాగా శ్రద్ధగా కూర్చున్నాడు. డైరెక్టరు తెర మీద అఖాతం పటం చూపించాడు. దానికి అతడు వేసిన ఆకుపచ్చ, సముద్రం సిగ్గుపడేంత గాఢంగా ఉన్నది. తిండి అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు, మళ్లీ పైకి, బొంగరంలా తిరుగుతున్నట్లు బాణాలు గీశాడు. బాణాలకు అడ్డు చెప్పే సముద్రం ఆ తెర మీద లేదు.

అప్పుడు వియ్యపురాలు లేచి, మూడు జాడీలనూ అధ్యక్షుని బల్ల మీద వరసగా పెట్టింది. "నీళ్లలో ఫాస్ఫేటు ఉంటే, అది వేసిన జాడీ ఒక్కటే ఇలా పచ్చబడదండీ. లేదు కాబట్టే పచ్చబడింది. తెప్పలు దించేముందు ఇంకొక్కసారి కొలవండి. నేనడిగేది అంతే."

డైరెక్టరు నవ్వాడు. "మేడమ్ గారి జాడీల్లో ఏం పెరుగుతుందో ఆ జాడీలకే తెలీదు. మొన్న ఒకదాంట్లో బిస్కెట్ ముక్క దొరికిందట. ఒకపక్క ఈ జాడీలు, ఇంకోపక్క గురువుగారి సీసాలు. ఎవర్ని నమ్ముదామంటారు?"

సభ నవ్వింది. మండలి సభ్యుడొకడు కూడా అందుకున్నాడు. "మేడమ్, వియ్యంకుడితో తగాదాలుంటే ఇంట్లో తేల్చుకోండి. ఊరి పనిలోకి తేకండి."

ఈసారి నవ్వు ఇంకా పెద్దదయింది. ఆమె నిక్కచ్చి గారి వైపు చూడలేదు. పక్కకు జరిగిన ఒక జాడీని మళ్లీ వరసలోకి నెట్టి, నిలబడే ఉన్నది. ఆ సమయంలో డైరెక్టరు వచ్చి నిక్కచ్చి గారి భుజం మీద చేయి వేశాడు. వేసి, వంగి, "నేనున్నాగా గురువుగారూ," అన్నాడు చెవిలో.

నిక్కచ్చి గారిలో పశ్చాత్తాపం వంటిది ఏదైనా కలిగినదా అంటే, లేదు. ఆల్చిప్పల మీద జాలి కలిగినదా అంటే, అదీ లేదు. ఆయనలో కలిగినది తిరస్కారం. నిఖార్సయిన, పాత, ఇంటిలో పెరిగిన తిరస్కారం. బ్యూరెట్టును తలకిందులుగా బిగించిన ఈ చేయి తన పేరును కాపాడుతుందట! ఈ మనిషి పక్కన నిలబడి ఒప్పు అనిపించుకోవడం కన్నా, ఒంటరిగా తప్పు అనిపించుకోవడమే మర్యాద అని ఆయనకు తోచింది. ఆయన లేచి నిలబడ్డారు.

"డైరెక్టరు గారు నా భుజం మీది నుండి చేయి తీయవలసిందిగా మనవి," అన్నారు. చేయి జారిపోయింది. "ఈ వేసవిలో నేను కొలిచినది అఖాతం కాదు. నా సబ్బు."

ఎవరికీ అర్థం కాలేదు. "గురువుగారు చమత్కారంగా..." అని డైరెక్టరు ఏదో అనబోయాడు.

"నేను చమత్కారం ఆడను. నాకు రాదు. నేను ఎంతో గొప్పగా తెప్పించుకున్న పొడిలో ఫాస్ఫేటు ఉన్నది. దానితో నేనే సీసాలు కడిగాను. అది గాజుకు పట్టుకున్నది. నీలం వచ్చినది దాని వల్ల. నా సిద్ధాంతం కూడా దాని వల్లనే వచ్చింది. డైరెక్టరు గారు దీనిని స్థానిక వ్యత్యాసం అని పిలవదలచుకున్నారు. దీనికి భాషలో అంతకన్నా పొట్టి మాట ఉన్నది. తప్పు. మా వియ్యపురాలి జాడీలు సరిగానే ఉన్నాయి. బిస్కెట్ సంగతి నాకు తెలియదు."

"బిస్కెట్ అబద్ధం," అన్నది వియ్యపురాలు.

సంఘం పెద్ద చేయి ఎత్తాడు. "ఒక్క నిమిషం సారూ. అయితే సముద్రంలో తిండి లేదంటారా?"

"ఉన్నది. అడుగున ఉన్నది. ఎండ కాస్తున్నంత కాలం వేడినీరు మూతలా పైన కూర్చుంటుంది. మూత తీసేది గాలి. అది చలికి గాని రాదు. అంతవరకు పైన మిగిలినది, ఏటి నీరు తెచ్చే కాస్తా, మీ పాత తెప్పలకు బొటాబొటిగా చాలుతుంది. కొత్తవి దించితే, పాతవాటి నోటి దగ్గరి కూడు లాక్కుంటాయి."

సంఘం పెద్ద ఎత్తిన చేయి దించాడు. "ఇంత చదువు చదివారు. సీసా కడుక్కోవడం రాలేదా సారూ?"

"అతిగా కడిగాను. అదే వచ్చిన ఇబ్బంది."

సభ గొల్లుమంది. ఇతరులు ఇలా నవ్వులపాలు కావడం నిక్కచ్చి గారు ఎన్నో పర్యాయాలు చూశారు. అనేక పర్యాయాలు తామే ఆ ఏర్పాటు చేశారు. లోపలి నుంచి అది ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. చెవులు కాలుతున్నాయి.

"నవ్వకండర్రా," అన్నాడు సంఘం పెద్ద వెనక్కి తిరిగి. "కలప కొన్నది నేను. మీరు కాదు." మళ్లీ ఇటు తిరిగాడు. "ఈ మాట నాలుగు రోజులు ముందు చెప్తే మీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా సారూ?"

"నాలుగు రోజుల ముందు నాకు తెలియదు. నిన్న మధ్యాహ్నం తెలిసింది."

"మరి నిన్న మధ్యాహ్నం నుంచీ ఏం చేస్తున్నారు?"

సభలో నవ్వు ఆగిపోయింది.

"ఏమీ చేయలేదు," అన్నారు నిక్కచ్చి గారు. ఆయన జీవితంలో వెనుక వివరణ లేని జవాబు సభలో పలకడం అదే మొదలు.

అధ్యక్షుడు ఆవులింత అణచుకొని, కొత్తగా కొలిచేంత వరకు తెప్పలకు అనుమతి ఆపినట్లు ప్రకటించాడు. డైరెక్టరు ఎవరి కళ్లలోకీ చూడకుండా పటాన్ని తెర మీది నుంచి తీసివేశాడు. గాలి మళ్లితే నీరు కలిసిపోతుంది కనుక వెంటనే కొలవాలని వియ్యపురాలు చెప్పింది.

"రేపు పొద్దున్నే పడవేసుకుని వెళ్తా. నీళ్లు నేను తెస్తా, కొలిచేది అన్నయ్యగారే," అన్నది.

"నీళ్లు కూడా నేనే తెచ్చుకుంటాను."

"మీరా? మీ జన్మలో పడవెక్కారా?"

"ఎక్కలేదు. అవసరం కలగలేదు."

నిజమే. ఇన్నేళ్లుగా సముద్రమే సీసాలలో కూర్చొని ఆయన బల్ల దగ్గరికి వచ్చేది.

* * *

తెల్లవారిన తరువాత సంస్థ వారి చిన్న పడవ రేవు దాటింది. ఆమ్లంతో కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టిన సీసాలను నిక్కచ్చి గారు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. సరంగు ఆయనకు లైఫ్ జాకెట్టు ఇవ్వబోతే, "నేను పడను," అన్నారు. వియ్యపురాలు ఎదురుగా కూర్చొని, అన్నీ గమనిస్తూ ఉన్నది. ఆ చూపు ఆయనకు ఆమె మాటల కన్నా ఎక్కువ చికాకు కలిగించింది.

అఖాతం మధ్యకు వచ్చేసరికి నీరు మారింది. రేవు దగ్గరి పసరు పోయి, తేటగా, తాడు దించితే ఎంత లోతుకు దిగినా కనిపించేటంత నిర్మలంగా ఉన్నది. గాజులాగా మెరుస్తున్నది. ఎంత అందంగా ఉన్నదీ నీరు, అని ఆయన అనుకున్నారు. అనుకొని, వెంటనే తనను తాను తిట్టుకున్నారు. ఇంత తేటగా ఉన్నదంటే ఇందులో ఏమీ పెరగడం లేదన్న మాట. ఆకలి మీదున్న నీరు ఇలాగే ఉంటుంది. ఇంత మెరుపు చూసి ఆయన ఇంకొకసారి మోసపోబోయారు, అదీ కొలతలేవీ లేకుండానే.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉందో," అన్నది వియ్యపురాలు. "మీకు నచ్చాలే."

"నచ్చలేదు," అన్నారాయన.

"అమ్మయ్య. ఇన్నాళ్లకి ఒక్క విషయంలో కలిశాం."

సరంగు యంత్రం ఆపాడు. ఆగిన పడవ అలల మీద పైకి లేచి, పక్కకు ఒరిగి, తీరిగ్గా దిగింది. మళ్లీ లేచింది. నిక్కచ్చి గారు ఒక సీసా మూత తీశారు, ముఖం తెల్లబడింది, మూత మళ్లీ బిగించారు. అంత స్థితిలోనూ సీసాలను వియ్యపురాలి చేతికి జాగ్రత్తగా అందించి, పడవ అంచుకు వంగి, ఉదయం తాగిన టీనీ, తిన్న రొట్టెనూ సముద్రానికి సమర్పించుకున్నారు.

సరంగు మర్యాదగా అటు తిరిగాడు. వియ్యపురాలు మాత్రం తిరగలేదు.

"పైపొరకి పోషకాలు బాగానే అందుతున్నాయి అన్నయ్యగారూ," అన్నది. "నాచు మిమ్మల్ని ఊరికే పోనివ్వదు. సిద్ధాంతం మళ్లీ బతికేట్టుంది."

నిక్కచ్చి గారు రుమాలుతో మూతి తుడుచుకున్నారు. చొక్కా గుండీ సవరించుకున్నారు. తిరిగి తిన్నగా కూర్చొని, ఆమె చేతిలోని సీసాలను ఒక్కొక్కటిగా తీసుకొని, వెలుతురుకు ఎత్తి చూశారు. తరువాత సరంగు వైపు తిరిగారు.

"పడవను కాస్త ముందుకు పోనివ్వు నాయనా. ఇక్కడి నీరు ఇక పనికిరాదు. నేను పాడుచేశాను."